బువా ఎత్తు బెల్లం

ఆ ఏడు వారీకి, అంటే పండరిపురం నడకకి, మా ఇంట్లో అందరికంటే ముందు తయారైంది బెల్లం. కొల్హాపూర్ నుంచి లారీలో వస్తే దింపించి, వసారాలో గోనెపట్టాల మీద పేర్చి, చీమలు పట్టకుండా చుట్టూ పసుపు చల్లాను. తొలకరి వానలకి నేల చెమ్మగిల్లి ఇల్లంతా గానుగ వాసన. నడిచి నడిచి పండరిపురం చేరాక, గురుపూర్ణిమ నాడు మా గురువు సోపాన్ బువాని త్రాసులో కూర్చోబెట్టి, ఆయన ఎత్తు బెల్లం తూచి జనానికి పంచాలని మా ఆయన భానుదాస్ సంకల్పం.

బువా బరువెంతో కనుక్కున్నారా అని అడిగితే, గురువు బరువు కనుక్కుని కొంటారటే ఎవరైనా, మిగిలితే మిగలనీ తగ్గకూడదు అన్నాడు.

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. ఒకప్పుడు తాగి పొలం గట్ల మీద పడి ఉండే మనిషి. లేపి, ముఖం కడిగి, మెడలో తులసిమాల వేసింది బువా. మాల వేసుకున్నవాడు తాగకూడదు, మాంసం ముట్టకూడదు, ఏటేటా ఆషాఢ ఏకాదశికి పండరికి నడవాలి. ఆ రోజు నుంచి మా ఆయన చుక్క ముట్టలేదు. ద్రాక్షతోటలన్నా మేడన్నా అన్నిటికీ మూలం ఆ మాలే. కొండంత దేవుడికి కొండంత పత్రి పెట్టగలమా అని లోకం సరిపెట్టుకుంటుంది. మా ఆయన పెట్టి తీరతానన్నాడు.

సంగతి చెబుదామని బువా ఇంటికి వెళ్ళాం. ఆయన దర్జీ, ఒంటరి మనిషి. గుమ్మంలో కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టుకి చేతులు కుడుతున్నారు. అంతా విని, దారం పంటితో కొరికి, "నన్ను తూచి ఏం చేస్తావురా భానూ, అమ్ముతావా?" అన్నారు.

నేను నవ్వాను. మా ఆయన నవ్వలేదు. గడప మీద కూలబడి, మీరు నాకింత చేశారు, నేనేం చేస్తానన్నా వద్దంటారు, ఈ రుణం నెత్తిన పెట్టుకునే చావమంటారా అని మొదలుపెట్టాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. అవి దొంగ నీళ్ళు కావు. బువా జాకెట్టు మిషను కిందికి సర్దుకుని, "సరేలే, నీ ముచ్చట నేనెందుకు కాదనాలి," అని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టారు.

బువా వెంట నడిచే మా దిండీ, అంటే మా భజన జట్టు, అంతకుముందు చాలా చిన్నది. అందరి సామానూ ఒక ట్రాక్టరు ట్రాలీలో పట్టేది. ఆ ఏడు రెండు లారీలు, డేరాలు, గ్యాసుపొయ్యిలు, ఎక్కడెక్కడి నుంచో కొత్త జనం. లారీలకి రెండు వైపులా ఫ్లెక్సీలు. వాటి మీద బువా నిలువెత్తు బొమ్మ, పక్కన దండం పెడుతూ మా ఆయన, కింద మూలన గుండ్రంలో నేను. నా కమ్మలు సరిగ్గా కనిపించలేదని ఫోటో రెండోసారి తీయించుకున్నాను కూడా.

నడక మొదలయ్యే ఆళందిలో జ్ఞానదేవుడి పల్లకి కదిలిన దగ్గర నుంచీ వాన వదల్లేదు. దిండీకి ఒక పద్ధతి ఉంది. ముందు జెండాలు, వాటి వెనక తాళాలు, మధ్యలో మృదంగం, చివర తలల మీద తులసికోటలతో ఆడవాళ్ళం. మాకు ముందు ఒక మనిషి, మెడలో చిన్న వీణ వేలాడేసుకుని నడుస్తాడు. ఆ వీణ నేలకి తగలకూడదు. అది ఎవరి మెడలో ఉంటే అందరూ ఆయన కాళ్ళకే మొక్కాలి, ఇందులో చిన్నా పెద్దా లేదు. మా దిండీలో అది ఎప్పుడూ బువా మెడలోనే ఉండేది.

లోణంద్ మజిలీలో సాయంత్రం బువా కాళ్ళు కడిగాను. ఏటా కడిగే కాళ్ళే. ఈసారి చీలమండలు వాచి వేలు పెడితే గుంట పడుతోంది. మడమల పగుళ్ళలో నెత్తురు. ఆ మాట మా ఆయనకి చెప్పాను. చెప్పకపోతే ఏమయ్యేదో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను గానీ, ఆ కాళ్ళు చూసి ఎవరైనా చెబుతారు. మా ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

మర్నాడు పొద్దున్న దిండీ అంతా వరసల్లో నిలబడి ఉండగా జీపొకటి వచ్చి ఆగింది. వెనక సీటు మీద పరుపు, దిళ్ళు. మా ఆయన అందరి ముందూ నిలబడి, ఇంతమంది శిష్యులం ఉండి ఈ కాళ్ళని ఇంకా నడిపిస్తే మన బతుకెందుకు అని అడిగాడు. జనం విఠల్ విఠల్ అని హోరెత్తించారు. బువా జీపు వంక చూశారు. తర్వాత నా వంక చూశారు. నేను తులసికోట సర్దుకుంటున్నట్టు తల తిప్పుకున్నాను.

"వీణ జీపెక్కదు కదరా," అన్నారు బువా.

"నాకివ్వండి. మీ పేరు నిలబెడతాను."

బువా వీణ తీసి ఆయన మెడలో వేశారు. వేసి, పద్ధతి ప్రకారం వంగి మా ఆయన కాళ్ళకి మొక్కారు. వీణ ఎవరికిచ్చినా అలా మొక్కే ఇస్తారు, మాకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలిసిన సంగతే. అయినా ఆ వాచిన కాళ్ళ మీద ఆయన వంగి, మళ్ళీ లేవడానికి నానా అవస్థ పడుతుంటే నాకు చూడబుద్ధి కాలేదు. వీణ మెడలో ఉన్నవాడు తిరిగి వంగి లేవదియ్యకూడదని ఎక్కడా లేదు. మా ఆయన కొయ్యలా నిలబడ్డాడు. ఎవరో ఫోటో తీశారు.

వీణ మా ఇంటి మెడలోకి వచ్చాక ఆడవాళ్ళలో నా లెక్క మారిపోయింది. నా తులసికోట మేం మోస్తామంటే మేం మోస్తామని పోటీ. టీ మొదటి గ్లాసు నాకే. కొత్తగా చేరినవాళ్ళు నా కాళ్ళకి కూడా మొక్కడం మొదలుపెట్టారు. వద్దని అన్నాను, అన్నది వినబడేంత గట్టిగా మాత్రం అనలేదు.

ఫల్టణ్‌లో జీపు నడిపే దగడూ వంట దగ్గరికి వచ్చి, వదినా నాకు రొట్టెలు తగ్గించండి, పొట్ట పగిలేట్టుంది అన్నాడు. రొట్టెలు తగ్గించమన్న డ్రైవర్ని అంతవరకు నేను చూడలేదు. నిలదీస్తే నసిగి నసిగి చెప్పాడు. బువాకి పంపిన పళ్ళెం కూడా రెండు పూటలా తనే తింటున్నాడట. పారేస్తే పాపం, తిని పెట్టరా అని బువాయే చేతిలో పెడుతున్నారట. ఆయన మటుకు పాలచుక్క, టీ తప్ప ఏమీ ముట్టడం లేదు.

నేరుగా జీపు దగ్గరికి వెళ్ళాను. బువా పరుపు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు, ఆసుపత్రికి తీసుకెళ్తున్న మనిషిలా. దారిన పోయే దిండీల పాటలకి వేళ్ళు మాత్రం ఆడుతున్నాయి.

"ఏం బువా, నా వంట చేదైందా?"

"నీ వంటకేం తల్లీ. వారీ దారిలో నడవని రోజు తినను. మా గురువుకి ఇచ్చిన మాట అది. నడిచిన కాళ్ళకే కూడు."

"మరి ఆ మాట జీపు ఎక్కేముందు చెప్పొద్దా?"

"చెబితే వాడు ఏడుస్తాడు."

నేనే చెప్పాను మా ఆయనకి. విన్నాడు. ముఖం మాడింది. తర్వాత, ముసలివాళ్ళ పంతం అలాగే ఉంటుందన్నాడు. ఇప్పుడు దింపితే జనం ఏమనుకుంటారు, గురువుని నాలుగు రోజులు కూడా కూర్చోబెట్టలేకపోయాడని నవ్వరా అన్నాడు. అయినా పూర్ణిమ నాడు బొబ్బట్లు వడ్డిస్తే తినకపోతారా, అందాకా అరటిపళ్ళు పెట్టు అన్నాడు.

అరటిపళ్ళు పెట్టాను. అవీ దగడూయే తిన్నాడు. ఆ తొక్కలు జీపు కింద కనిపించాయి. చూసి మళ్ళీ మాట్లాడలేదు నేను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ గురించి విన్నాను గానీ, మేం అంతకంటే ముందుకి పోయాం. మాకింత కూడు దొరికేలా చేసిన మనిషి తిండే ఆపాం, అదీ పూలదండలు వేసి.

నాతేపూతే దగ్గర జీపు ఖాళీగా వచ్చింది. కాస్త కాళ్ళు సాగదీసుకుని వస్తానని దిగిన మనిషి మళ్ళీ కనబడలేదని దగడూ చేతులు నలుపుకుంటూ చెప్పాడు. దారి పొడుగునా తెల్ల పంచెలు, తెల్ల టోపీలే. అందులో ఒక ముసలాయన్ని వెతకడమంటే బియ్యంలో ఒక బియ్యపుగింజని ఏరడమే. మా ఆయన మొదట భయపడ్డాడు. ప్రతి మజిలీలో మైకులో పేరు పిలిపించాడు, ఆసుపత్రి డేరాలన్నీ తిరిగాడు. ఎక్కడా లేరని తేలాక, వేలాపూర్‌లో, ఆ భయం కాస్తా కోపంలోకి దిగింది.

"చక్కెర మిల్లు చైర్మన్ని పిలిచాను. త్రాసు మాట్లాడాను. ఇప్పుడు పళ్ళెంలో ఎవరిని కూర్చోబెట్టమంటావే?"

"మీరే కూర్చోండి. వీణ మీ మెడలోనే ఉందిగా," అన్నాను.

విసురుగా లేచి డేరా బయటికి వెళ్ళిపోయాడు.

వాఖరీలో పల్లకీలన్నీ కలుస్తాయి. పండరికి ముందు చివరి మజిలీ అది. నీళ్ళ ట్యాంకరు కోసం వెతుకుతూ మా డేరాలు దాటి చాలా దూరం పోయాను. అక్కడ పర్భణీ వైపు నుంచి వచ్చిన ఒక చిన్న దిండీ, లారీ లేదు, డేరా లేదు, ప్లాస్టిక్ పట్టాలు కప్పుకుని కూర్చున్నారు. మూడు రాళ్ళ పొయ్యి ముందు ఒకామె జొన్నరొట్టె తడుతోంది. ఆమె పక్కన కూర్చుని పచ్చిమిరప కారం నంజుకుంటూ రొట్టె తింటున్నారు బువా. మొదట కాళ్ళనే గుర్తుపట్టాను. ఆయన నములుతుంటే చూసి, నిలబడినచోటే ఏడ్చేశాను.

"మీ మనిషా మావులీ?" అంది ఆమె. ఆ దారిలో ఎవరినైనా అలాగే పిలుస్తాం, తల్లీ అని. ఆమె పేరు గయాబాయి. "రోడ్డు పక్కన కూలబడి ఉంటే తెచ్చుకున్నాం. ఎవరూ లేనివాడేమో అనుకున్నాం."

లారీకి రెండు వైపులా మేం నిలువెత్తు బొమ్మ వేయించిన గురువుని చూసి లోకం అనుకున్న మాట అది. మా మనిషే అని చెప్పడానికి నోరు రాలేదు.

"జీపులో కళ్ళు తిరిగాయమ్మా," అన్నారు బువా, నేనేదో అడిగినట్టు. "నడిస్తే తగ్గుతుందనిపించింది. తగ్గింది." తర్వాత భానూ ఎలా ఉన్నాడని అడిగారు. వానకి వీణ తీగ సడలుతుంది, రోజూ బిగించుకోమని చెప్పు అన్నారు.

నాతో రమ్మన్నాను. రేపు వీళ్ళతోనే నడుస్తానన్నారు. అప్పుడైనా దండం పెట్టి వచ్చేస్తే సరిపోయేది. ఆయన తింటున్నారు, నవ్వుతున్నారు, ఇంకేం కావాలి నాకు? కానీ నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"పూర్ణిమకైనా రండి బువా. రాకపోతే మాకు తలవంపులు."

చేతిలో రొట్టె ముక్క అలాగే ఆగింది. గయాబాయి నన్ను కింద నుంచి పైదాకా చూసి మళ్ళీ పొయ్యి ఎగదోసుకుంది.

"వస్తానులే," అన్నారు బువా. "జీపు మాత్రం పంపొద్దని చెప్పు. నడిచి వస్తాను."

వచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. మా ఆయన తులసిమాల కళ్ళకద్దుకుని, వస్తారన్నమాట, అదే చాలన్నాడు. ఏకాదశి వెళ్ళింది, విఠోబా గుడి శిఖరానికి దండం పెట్టుకున్నాం. పూర్ణిమ పొద్దున్న చూస్తే దగడూ జీపుకి బంతిపూలు కడుతున్నాడు. చైర్మన్ ముందు గురువు బురద కాళ్ళతో వస్తే బాగుంటుందా అన్నాడు మా ఆయన. పర్భణీవాళ్ళు బయల్దేరకముందే వెళ్ళి తీసుకురమ్మని పంపాడు. గురువుకి నలుగురు ఎదురెళ్ళి కాళ్ళు పట్టుకుంటే ఆయన కాదనలేరని మా ఆయనకి బాగా తెలుసు.

పెద్ద షామియానా, మధ్యలో కలప త్రాసు, గొలుసులకి పూలు. బువా పూలజీపు దిగి వచ్చి, చెప్పినట్టే ఒక పళ్ళెంలో కూర్చున్నారు. రెండో పళ్ళెంలో బెల్లం దిమ్మలు పెట్టడం మొదలుపెట్టారు. మొదటి దిమ్మ చైర్మన్ పెట్టాడు, తర్వాత మా ఆయన, తర్వాత నేను. ఇంకా వరసలో చాలామంది దిమ్మలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇంతలోనే బువా పళ్ళెం గాల్లోకి లేచింది. త్రాసువాడు ఒక దిమ్మ తీసేశాడు. అయినా ఆయనే పైన. ఇంకొకటి తీశాడు.

వదులు అంగీ లోపల ఆ మనిషి ఎంత మిగిలాడో మేం ఎప్పుడూ చూడలేదు. వరసలో నిలబడ్డవాళ్ళు దిమ్మలు పట్టుకుని అలాగే ఉండిపోయారు. తూగిన బెల్లం కంటే పక్కన మిగిలింది ఎక్కువ. మైకు పట్టుకున్నవాడు తెలివైనవాడు, మహారాజు బరువంతా భక్తిలోనే ఉందయ్యా, అది త్రాసుకి అందదు అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. బువా కూడా నవ్వారు. మా ఆయన నా వంక చూశాడు. ఆ షామియానాలో విషయం తెలిసినవాళ్ళం మేమిద్దరమే. దగడూ కూడా ఉన్నాడు గానీ వాడు అప్పటికే లేచి బయటికి వెళ్ళిపోయాడు.

వడ్డన మొదలైంది. మొదటి విస్తరి బువాది. బొబ్బట్లు నేనే వడ్డించి నెయ్యి పోశాను. గురువు ముట్టనిదే ఎవరూ ముట్టరు. వరసలన్నీ చేతులు ముడుచుకుని కూర్చున్నాయి. బువా విస్తరి వంక చూశారు గానీ చెయ్యి చాపలేదు.

"మీరు కానివ్వండి మావులీ. నేనింకా ఇవాళ నడవలేదు," అని మెల్లిగా అని, మోకాళ్ళు పట్టుకుని లేచారు. "గోపాళ్‌పూర్ వైపు కాస్త తిరిగొస్తాను."

"బువా, జీపు..." అన్నాడు మా ఆయన అలవాటుగా.

"వద్దని చెప్పి పంపానుగా నాయనా. చెప్పలేదా?"

బువా నా వంక చూడలేదు. చూస్తే బాగుండేది. చెప్పాను అని నేను అనాలి, లేదంటే చెప్పలేదు అని మా ఆయన కోసం అబద్ధమైనా ఆడాలి. రెండూ చెయ్యలేదు. మా ఆయనే, "చెప్పింది బువా," అన్నాడు. అంతమంది ముందూ అన్నాడు. అని, వీణ తీసి పక్కనున్న మృదంగం వాయించే మారుతి మెడలో వేసి, మొక్కి, చెప్పులు కూడా వేసుకోకుండా బువా వెనక బయల్దేరాడు. చైర్మన్ గడియారం చూసుకున్నాడు. నేను నాలుగు బొబ్బట్లు ఒక గుడ్డలో కట్టుకుని, చెంబుతో నీళ్ళు పట్టుకుని వెళ్ళాను. మా వెనక ఎవరు తిన్నారో, ఎవరు లేచిపోయారో తెలియదు.

బువా ముందు, ఆయన వెనక మా ఆయన, ఆ వెనక నేను. ఎవరం పాడలేదు. పండగ ముగించుకుని తిరిగి వెళ్ళే జనం మమ్మల్ని ఒరుసుకుంటూ దాటిపోతున్నారు. జల్లు పడుతోంది. బువా నాలుగడుగులు వేసి ఆగుతున్నారు. ఆగినప్పుడల్లా మా ఆయన చెయ్యి ముందుకి వెళ్ళి, పట్టుకోవచ్చో లేదో తెలియక వెనక్కి వస్తోంది. అలా ఎంత దూరం పోయామో, రోడ్డు పక్కన ఒక రాయి చూసుకుని బువా కూర్చున్నారు.

"ఇంత చాలు. ఆకలేస్తోంది."

మూట విప్పి చేతిలో పెట్టాను. బొబ్బట్టు ఒకటి తీసుకుని సగం తుంచి, తీరిగ్గా నమిలి తిన్నారు. మిగతా సగం మా ఆయనకి ఇచ్చారు. ఆయన దాన్ని చేతిలో పట్టుకుని బురదలో బువా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. తప్పయిపోయింది బువా అన్నట్టు వినిపించింది, లేకపోతే అది నాకు అలా అనిపించిందేమో. బువా ఆయన తల మీద చెయ్యి పెట్టి, ముందు తిను, చల్లారిపోతుందన్నారు.

చేతులు కడుక్కోవడానికి నీళ్ళు పోశాను. పంచె చెంగుతో తుడుచుకుని, బువా ఆ రెండు చేతులూ జోడించారు, మా ఇద్దరి వైపూ.

"కడుపు నిండింది తల్లీ. ఇంత దూరం వెతుక్కుంటూ వచ్చి అన్నం పెట్టారు. మీ ఇద్దరి రుణం ఏ జన్మలో తీర్చుకుంటానో."

ఎగతాళి చేస్తున్నారేమోనని ముఖంలోకి చూశాను. ఎగతాళి అయితే తట్టుకునేదాన్ని. ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు.